మన చూపు, మన మాట, మన పొరుగువాడు
(శతజయంతి మహాసభలలో చేసిన ప్రసంగ పాఠము)



మన అధ్యక్ష మండలము నూరేండ్లలో కట్టిన గుడులను గూర్చి, బడులను గూర్చి, ఆసుపత్రులను గూర్చి మాకంటె అనుభవజ్ఞులు ఇదివరకే మాట్లాడారు. మాకు అప్పగించిన అంశము వాటి ప్రక్కన చిన్నదిగా కనబడవచ్చును. ఒక విశ్వాసి మరొక విశ్వాసిని ఎట్లు చూస్తున్నాడు, ఆ చూపు అతని మాటను, వినికిడిని ఏమి చేస్తున్నది అన్నదే ఆ అంశము. ఆలోచించి చూస్తే, సంఘము నిలుచుటయు చీలుటయు చాలవరకు దీని మీదనే ఆధారపడి ఉన్నవి.

ముందుగా మాటను గూర్చి. ఇప్పుడు మేము చేస్తున్నదానిని మనము ఉపన్యాసము అంటాము. హిందీవారి మధ్య ఆ మాట అంటే వారు నవల అనుకొంటారు. మన పిల్లవాడు శిక్ష అనగానే బెత్తము గుర్తుచేసుకొంటాడు. ఉత్తరాదిలో ఆ మాటకు చదువు అని అర్థము. తమిళ సోదరుడు అవసరము అన్నాడంటే తొందరలో ఉన్నాడని అర్థము. మనమేమో అతనికి ఏదో కావలసి వచ్చినదని జేబు తడుముకొంటాము. పలికినవాని నోట ఒకటి, విన్నవాని చెవిలో మరొకటి. ఇది భాషల తేడా కనుక నిఘంటువు తెరచి సరిదిద్దుకొనవచ్చును. కాని ఒకే భాష మాట్లాడుతూ, ఒకే ఊరిలో ఉంటూ, ఒకే బల్ల యొద్ద ప్రభు భోజనములో పాలుపొందే వారి మధ్య కూడ ఇట్లే జరుగుతున్నది గదా! దానికి నిఘంటువు లేదు.

కన్ను చూచేది కొంత, మనసు కలిపేది కొంత

సంతలో ఒక జత ఎడ్లు నిలిచి ఉన్నవి అనుకొందాము. కొనవచ్చిన రైతు వాటి మెడను, గిట్టలను చూస్తాడు. బేరగాడు పండ్లు పట్టి చూచి వయసు లెక్కకడతాడు. ప్రక్కన నిలిచిన పిల్లవాడికి మెడలోని మువ్వలు తప్ప మరేమియు కనబడదు. అప్పు తీర్చడానికి వాటిని తోలుకొని వచ్చిన యజమాని వాటి ముఖము చూడలేక తల తిప్పుకొంటాడు. ఎడ్లు అవే. చూచేవారి అక్కర, అలవాటు, బాధ, ఆశ వేరు వేరు కనుక నలుగురికి నాలుగు విధములుగా కనబడినవి. ఎడ్ల విషయములోనే ఇట్లుంటే మనుష్యుల విషయము చెప్పవలసిన పని లేదు.

1946లో సాల్మన్ ఆష్ అను మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలో విద్యార్థుల ఎదుట ఒక పరీక్ష పెట్టాడు. ఒక మనిషిని గూర్చి కొన్ని గుణములు చదివి వినిపించాడు: తెలివిగలవాడు, నేర్పరి, కష్టపడేవాడు, పట్టుదల గలవాడు, జాగ్రత్తపరుడు, ఇట్లు. రెండు గుంపులకు చదివిన జాబితా ఒక్కటే. మధ్యలో ఒక్క మాట మాత్రము మార్చాడు. ఒక గుంపుకు ఆప్యాయత గలవాడు అని, రెండవ గుంపుకు ఆప్యాయత లేనివాడు అని చదివాడు. తర్వాత ఆ మనిషి ఎట్టివాడో చెప్పుమంటే, మొదటి గుంపులో ఎక్కువమంది అతడు ఉదారుడు, మంచి స్వభావము గలవాడు అన్నారు. రెండవ గుంపులో అట్లు అన్నవారు చాల తక్కువ. ఆ మనిషిని వారెవ్వరును చూడలేదు. అట్టి మనిషి లేనే లేడు! ఒక్క మాట తక్కిన మాటలన్నిటికి రంగు పులిమినది.

దీనికి మనము అమెరికా వరకు పోనక్కరలేదు. ఒక పాస్టరేటుకు క్రొత్త గురువుగారు బదిలీ మీద వస్తున్నారు. ఆయన సామాను లారీ దిగకముందే ఒక మాట ఊరు చేరుతుంది: ‘ఆయన కాస్త డబ్బు మనిషి అట.’ ఆ తర్వాత ఆయన కానుకల లెక్క రూపాయి తేడా లేకుండ వ్రాస్తే, ‘చూచారా, మేము ముందే చెప్పలేదా?’ అంటాము. ముందు చేరిన మాట ‘ఆయన నిజాయితీపరుడు’ అని అయితే ఆ లెక్కనే చూపించి మెచ్చుకొంటాము. పచ్చకామెర్లవానికి లోకమంతా పచ్చన అని మన పెద్దలు ఊరకే అనలేదు. అయితే ఆ సామెతను మనము ఎప్పుడును ఎదుటివాని మీదనే ప్రయోగిస్తాము.

షిలోహు గుమ్మము దగ్గర

లేఖనములలో ఈ సంగతికి ఏలీ, హన్నాల వృత్తాంతముకంటె మంచి పాఠము మాకు కనబడలేదు. షిలోహులో బలి అర్పించి, అందరు తిని త్రాగిన తరువాత హన్నా లేచి మందిరమునకు వచ్చినది. బిడ్డలు లేరని సవతి పెట్టిన బాధ ఆమె గుండెలో ఉన్నది. ఏడుస్తూ ప్రార్థించినది. పెదవులు కదులుచున్నవి గాని స్వరము వినబడలేదు. గుమ్మము దగ్గర ఆసనము మీద కూర్చున్న యాజకుడు ఏలీ ఆమె నోటిని కనిపెట్టి చూచాడు, త్రాగి మత్తులో ఉన్నదని నిర్ణయించుకొన్నాడు, వెంటనే గద్దించాడు.

ఏలీ చూచినదానిలో అబద్ధము లేదు. పెదవులు కదిలినవి, శబ్దము లేదు, అది నిజమే. అది పండుగ సమయము, జనులు తిని త్రాగిన వేళ, అదియు నిజమే. ఈ రెండు నిజములను కలిపి అతని మనసు మూడవదానిని పుట్టించినది, అది నిజము కాదు. తాటిచెట్టు క్రింద కూర్చుండి పాలు త్రాగినా కల్లే అంటారు గదా! మందిరములో సేవచేస్తూ అక్రమము చేస్తున్న తన కుమారులను అదుపు చేయలేకపోయిన పెద్దాయన, మందిరములో ప్రార్థించుచున్న ఒక స్త్రీని మాత్రము ఒక్క చూపుతో తూచివేశాడు.

అయితే ఆ తర్వాత జరిగినది మనము గమనించవలెను. హన్నా కోపగించుకొని వెళ్లిపోలేదు. తాను మనోదుఃఖము గలదాననియు, త్రాగలేదనియు, తన బాధను దేవుని యెదుట కుమ్మరించుచున్నాననియు మర్యాదగా చెప్పుకొన్నది. ఏలీ విన్నాడు. సాకులు చెప్పలేదు, తన పెద్దరికమును అడ్డము పెట్టుకొనలేదు. గద్దించిన నోటితోనే ఆమెను దీవించి పంపాడు. మందిరపు పెద్ద ఒక సామాన్య స్త్రీ మాట విని తన మాట మార్చుకొన్నాడు! ఈ వృత్తాంతములో మాకు గొప్పగా కనబడేది ఇదే. అతడు మార్చుకొనకపోయినయెడల, సమూయేలు తల్లి ఆ గుమ్మము నుండి అవమానముతో తిరిగిపోయి ఉండేది.

మన గుమ్మముల నుండి ఎందరు హన్నాలు అట్లు తిరిగిపోయారో ఎవరికి తెలియును?

ఎత్తుటయు పొరపాటే, దించుటయు పొరపాటే

మనుష్యులను తక్కువగా చూచుట ఒక్కటే తప్పు అనుకొనవద్దు. లుస్త్రలో పౌలు ఒక కుంటివానిని స్వస్థపరచినప్పుడు జనులు తమ లుకయోనియ భాషలో కేకలు వేసి, దేవతలే దిగివచ్చారని బర్నబాకు, పౌలుకు తమ దేవతల పేర్లు పెట్టారు. ఎడ్లను, పూదండలను తెచ్చి బలి అర్పించబోయారు. అపొస్తలులు బట్టలు చించుకొని, తామును వారివంటి మనుష్యులమేనని ఎంత చెప్పినా వారిని ఆపుట కష్టమైనది. అదే ఊరిలో, బయటి నుండి వచ్చినవారి మాటలు విని ఆ జనులే పౌలును రాళ్లతో కొట్టి, చనిపోయాడనుకొని ఊరి బయటకు ఈడ్చివేశారు. మెలితే ద్వీపములో దీనికి తిరుగుడుగా జరిగినది. పౌలు చేతికి సర్పము చుట్టుకొనగానే నరహంతకుడన్నారు. అతడు చావకపోయేసరికి దేవుడన్నారు.

ఈ రెండు చోట్లను జనులు చూడనిది ఒక్కటే: పౌలు అనే మనిషిని. మన మధ్యను ఇది ఉన్నది. క్రొత్తగా వచ్చిన ప్రసంగీకుని ఆరు నెలలు ఆకాశమునకు ఎత్తుతాము, ఏడవ నెలలో నేలకు కొడతాము. ఎత్తినప్పుడును అతనిని ఎరుగము, కొట్టినప్పుడును ఎరుగము.

యొర్దాను దాటిన ఆ పదుగురు

యెహోషువ గ్రంథము ఇరువది రెండవ అధ్యాయములో ఉన్న సంగతిని సంఘ కమిటీలన్నియు ఏటేటా ఒకసారి చదువుకొనదగినది. రూబేనీయులు, గాదీయులు, మనష్షే అర్ధగోత్రపువారు యుద్ధము ముగించుకొని యొర్దాను అవతలి తమ స్వాస్థ్యములకు పోవుచు, నది దగ్గర చూపునకు గొప్పదైన ఒక బలిపీఠము కట్టారు. ఇవతలి గోత్రములవారు ఆ వార్త విన్నారు. వీరు దేవుని విడిచి వేరే బలిపీఠము పెట్టుకొన్నారని తలంచి, యుద్ధము చేయుటకు షిలోహులో కూడుకొన్నారు.

కత్తులు దూయకముందు వారు ఒక మంచి పని చేశారు. యాజకుని కుమారుడైన ఫీనెహాసును, అతనితో గోత్రమునకు ఒకరు చొప్పున పదిమంది ప్రధానులను అడుగుటకు పంపారు. అవతలివారి జవాబు విని వీరు ఆశ్చర్యపడ్డారు. అది బలులు అర్పించే బలిపీఠము కాదట. ఏదో ఒక దినమున ఇవతలివారి పిల్లలు తమ పిల్లలను చూచి, యొర్దాను మన మధ్య సరిహద్దు గనుక మీకు యెహోవాయందు పాలు లేదని అంటారేమోనను భయముతో, ఇద్దరిదియు ఒకే దేవుడని సాక్ష్యముగా కట్టుకొన్నారట. విడిపోవుటకు కట్టారని వీరు అనుకొన్నది, విడిపోకుండుటకు వారు కట్టినది!

ఎవరిది తప్పు? మేము ఆలోచించినంతలో ఇద్దరి వైపునను కొంత లోపము ఉన్నది. అవతలివారు మంచి ఉద్దేశముతోనే చేశారు, కాని ముందు చెప్పలేదు. ఇవతలివారు దేవుని పక్షముగానే లేచారు, కాని అడుగకముందే తీర్పు తీర్చుకొన్నారు. చెప్పక చేసేవారు ఒక ప్రక్క, అడుగక తీర్పు తీర్చేవారు మరొక ప్రక్క. మన సంఘములలోని వ్యాజ్యములు, వేరు ఆరాధనలు, గుడికి వేసిన తాళములు ఎన్ని ఈ రెంటి మధ్య పుట్టలేదు? యుద్ధమును ఆపినది పదకొండుమంది చేసిన ఒక్క ప్రయాణము. వారు నది దాటి వెళ్లారు, అడిగారు, చివరి వరకు విన్నారు, తిరిగివచ్చి విన్నది విన్నట్లు చెప్పారు. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తగ్గినను రక్తపాతమే.

మన మండల చరిత్రలో

మన మొదటి అధ్యక్షులు వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు తిరునెల్వేలి సీమవారు, తమిళులు. 1903లో ఆ సీమవారు తమ స్వంత కానుకలతో స్థాపించుకొన్న ఇండియన్ మిషనరీ సొసైటీ పక్షముగా 1909లో డోర్నకల్‌కు వచ్చారు. తెలుగు నేర్చుకొని, తెలుగు పల్లెలలో తెలుగులో బోధించారు. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయనను మాట్లాడమన్నారు. అప్పటికి ఆయనకు 35 ఏండ్లు. విదేశ మిషనరీలు దేశీయులకొరకు చేసిన త్యాగమునకు కృతజ్ఞత చెప్పుచునే, వారు దేశీయ సేవకులను సమానులుగా చూచుట లేదనియు, ఇప్పుడు తమకు కావలసినది స్నేహమనియు ఆయన తేటగా చెప్పారు.

ఆ సభలో విన్నవారందరు ఒకే ప్రసంగము విన్నారు. కొందరు దానిలో కృతఘ్నత విన్నారు, నొచ్చుకొన్నారు. కొందరు దానిలో ఒక సహోదరుని హృదయమును విన్నారు, ఆలోచనలో పడ్డారు. ఎవరి మనసులో ఏ అజరయ్య ముందుగా ఉన్నారో ఆ అజరయ్య మాటలే వారికి వినబడ్డవి. సేవకునిగా చూచినవానికి ఫిర్యాదు వినబడినది. సహోదరునిగా చూచినవానికి ఆహ్వానము వినబడినది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన అధ్యక్షులుగా అభిషేకము పొందారు. ఆంగ్లికన్ సంఘములో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. దానికి ముందు ఎన్నో అభ్యంతరములు వచ్చినవి, అవి విదేశీయుల నుండి మాత్రమే రాలేదు. మనవారిలోను కొందరికి మనవాడు ఆ పీఠము మీద కనబడలేదు. ఎన్నడును చూడనిదానిని కన్ను సులభముగా ఒప్పుకొనదు.

1939లో ప్రతిష్ఠించిన డోర్నకల్ కతీడ్రలును చూడండి. దేవాలయపు స్తంభముల పోలిక, మసీదు గుమ్మటముల పోలిక, క్రైస్తవ ఆరాధనా స్థలము, అన్నియు ఒక్క చోట కలిపి కట్టారు. దారిన పోయే పల్లెవాడు దానిని చూచి ఇది పరాయి వారిది అనుకొనకూడదని ఆయన ఆశించారు. మనము చెప్పేది ఎదుటివాని కంటికి ఎట్లు కనబడుతుందని ముందుగా తలపోసిన మనిషి ఆయన.

ఇప్పుడు మన సంగతి

పెద్దల చరిత్ర చెప్పుకొని సంతోషించి వెళ్లిపోవుట సులభము. మన ఇంటిలోని మాట చెప్పుకొనుట కష్టము. మన సంఘములలో మాల మాదిగ భేదము పూర్తిగా పోయినదని మనలో ఎవరైన గుండె మీద చేయి వేసి చెప్పగలరా? బయటివారు మన ఇరువురిని ఒక్క అవమానపు చూపుతో చూచినప్పుడు మన పితరులు క్రీస్తులో క్రొత్త పేరు దొరికినదని ఆనందించారు. ఆ చూపు ఎంత కోస్తుందో ఎరిగిన మనమే ఒకరినొకరము అదే కంటితో చూచుకొనుట దేవునికి ఎట్లుండును? కమిటీ ఎన్నికల వేళ ‘మనవారు’, ‘వారు’ అను రెండు మాటలు చెవిని పడగానే ఎదుటివాడు చెప్పే మంచి కూడ ఎత్తుగా కనబడుతుంది. అతడు గుడి కప్పు కారుచున్నదని చెప్పితే, కారే కప్పును చూడక, అతడు ఎవరి పక్షమో చూస్తాము. వాన మాత్రము ఇరువురి మీదను పడుతుంది.

మేము ఎరిగిన ఒక గ్రామ సంఘములో ఒక కూలి కుటుంబము నాలుగు నెలలు ఆరాధనకు రాలేదు. కొందరు ‘వేరే కూటములో చేరారు’ అన్నారు. కొందరు ‘కూతురి పెండ్లి చేసిన తరువాత గర్వము వచ్చినది’ అన్నారు. వారిని గూర్చి అందరు మాట్లాడారు, వారితో ఎవరును మాట్లాడలేదు. చివరకు స్త్రీల మైత్రిలో ఒక పెద్దమ్మ వెళ్లి ఆ ఇల్లాలి ప్రక్కన అరుగు మీద కూర్చుండి, ‘ఏమ్మా, కనబడటం లేదు, ఒంట్లో బాగుందా?’ అని అడిగినది. ఆమె కంట నీరు పెట్టుకొని అసలు సంగతి చెప్పినది. కోతపండుగ వేలములో ఆమె భర్త మనుమరాలి పేర ఒక గుమ్మడికాయ పాడాడు. ఆ సంతోషములో ధర పెరిగినది. ఆ ఏడు కూలి పనులు దొరకలేదు, సొమ్ము కట్టలేకపోయాడు. ప్రతి నెల ఆరాధన ముగింపులో బాకీదారుల పేర్లు చదువుతారు. ఆ పేరు వినలేక మానివేశారు.

గర్వము అని మనము పేరుపెట్టినది సిగ్గు! పెద్దమ్మ వెళ్లి పెద్దలకు విషయము చెప్పినది. వారు ఆ బాకీని నెమ్మదిగా తీర్చుకొనే ఏర్పాటు చేసి, ఆనాటి నుండి బాకీ పేర్లు పైకి చదువుట మానివేశారు. ఆ కుటుంబము తిరిగి వచ్చినది. అంతకుముందు అట్లు దూరమైన మరి రెండు కుటుంబములును వచ్చినవి. నాలుగు నెలలు చెప్పుకొన్న మాటలు చేయలేనిది ఒక్క ప్రశ్న చేసినది.

పెద్దలు, యువజనుల మధ్యను ఇదే. ఆరాధనలో ఫోను చేతిలో పట్టుకొన్న పిల్లవానిని చూచి పెద్దలు భక్తి లేదంటారు. అతడు దానిలో వాక్యము చూస్తున్నాడేమో అడుగరు. పాత కీర్తనే పాడవలెనని పట్టుబట్టే తాతను చూచి యువకులు మొండివాడంటారు; ఆ కీర్తన అతని భార్య సమాధి దగ్గర పాడినదేమో వారును అడుగరు. ఫోనులో వచ్చే వ్రాతలలో గొంతు వినబడదు, ముఖము కనబడదు. ‘సరే’ అను ఒక్క మాటను విసుగుగా చదివితే విసుగు, ప్రేమగా చదివితే ప్రేమ. గొంతు మనమే కలుపుతున్నాము.

మనము చేయదగినవి

మొదటిది, మనిషిని గూర్చి అడుగక మనిషినే అడుగుదము. ఏలీ గుమ్మము దగ్గర నుండి లేచి నాలుగు అడుగులు వేసి ‘ఏమమ్మా, ఏమి కష్టము?’ అని ఉంటే చాలును.

రెండవది, విన్నది మనకు తెలిసినట్లే ఉన్నదని అనుకొనక, ‘మీరు చెప్పినది ఇదేనా?’ అని మరల చెప్పి చూపుదము. కమిటీలో కోపము వచ్చినప్పుడు జవాబు చెప్పకముందు ఎదుటివాని మాటను అతడు ఒప్పుకొనేటట్లు తిరిగి చెప్పవలెనని ఒక నియమము పెట్టుకొంటే, సగము తగవులు ఆ పూటనే చల్లారును.

మూడవది, మంచి పనియైనను ముందుగా చెప్పి చేయుదము. యొర్దాను ఒడ్డున రాళ్లు పేర్చకముందు అవతలికి ఒక మనిషిని పంపితే సైన్యము కూడవలసిన పని ఉండేది కాదు. లెక్కలు దాచనివానిని గూర్చి పుకారు ఎక్కువ దూరము పోదు.

నాలుగవది, మన అంచనా తప్పని తేలినప్పుడు, తప్పు మాట ఎంతమంది ఎదుట అన్నామో సరియైన మాటను అంతమంది ఎదుట అందము. పదిమందిలో నింద, చాటున క్షమాపణ న్యాయము కాదు.

ఇవన్నియు చేసినను మన చూపులో మరక పూర్తిగా పోదు. మనుష్యులు పైరూపమును చూస్తారనియు దేవుడు హృదయమును చూస్తాడనియు సమూయేలు నేర్చుకొన్నది యెష్షయి ఇంటిలో, ప్రవక్తగా తల నెరసిన తరువాత. అంతటివానికే అంత వయసులో ఆ పాఠము అవసరమైతే మనకు కాదా? ఆ పాఠము నేర్చుకొన్న బిడ్డడు ఎవరు? త్రాగుబోతుగా చూడబడిన ఆ తల్లి కన్న బిడ్డయే.

ప్రియులారా, రెండవ నూరేండ్లలోనికి మన మండలము అడుగుపెట్టుచున్నది. మన తరువాతివారు మన గుడుల ఎత్తును కొలుచుకొనవచ్చును, మన లెక్కల పుస్తకములు తిరగవేయవచ్చును. ప్రభువు మాత్రము ఈ ఆదివారము మన ప్రక్కన ఖాళీగా ఉన్న చోటు ఎవరిదని మనలను అడుగును. ఆ చోటివారి ఇంటికి ఈ వారములోనే వెళ్లుదము. ఏమి జరిగినదో మనకు తెలుసునని చెప్పక, వారు చెప్పేది కూర్చుండి విందము. మన కన్నులను, చెవులను, నాలుకను ప్రభువు శుద్ధిచేయును గాక. ఆమెన్.